కొంగుముడి బొమ్మ

సైమా లాప్‌టాప్ మూత తెరిస్తే తెర నల్లగా ఉంటుంది. కాసేపు ఆగినా నల్లగానే ఉంటుంది. దాని మీద బొమ్మలుండవు, కింద మెనూ పట్టీ ఉండదు. కుడివైపు పైమూలలో మాత్రం చీమ కాళ్లంత సన్నని అక్షరాలతో టైమూ, బ్యాటరీ ఎంత మిగిలిందన్నదీ కనిపిస్తాయి. దాన్ని ఆ స్థితికి తేవడానికి ఆమెకు దాదాపు రెండేళ్లు పట్టింది.

"కరెంటు పోయిందా బేటీ?" అని వాళ్ల అబ్బా, అంటే నాన్న, జానీ మియా పొద్దున్నే షాపులో అడుగు పెడుతూ అడుగుతాడు.

"పోలే అబ్బా. గిది డిజైన్."

"డిజైనా! ఇరవై ఎనిమిదేండ్లు పెయింటర్ పని చేసిన నేను. గోడకు తారు పూసి డిజైన్ అని చెప్తే నన్ను ఊర్లకెల్లి తరిమేటోళ్లు."

షాపు టేకులపల్లి మెయిన్ రోడ్డు మీద ఉంటుంది. కంప్యూటర్ రిపేర్లు, జిరాక్సు, పాస్‌పోర్టు ఫొటోలు. కొత్తగూడెంలో డిప్లొమా చేసి వచ్చాక సైమా పెట్టుకున్నది. జానీ మియా ఒకప్పుడు ఇల్లందు నుంచి భద్రాచలం దాకా దుకాణాల బోర్డులూ, బడి గోడలూ, లారీల వెనక తలుపులూ రాసినవాడు. ఫ్లెక్సీలు వచ్చాక ఆయన బ్రష్షులు డబ్బాలోనే ఎండిపోయాయి. ఇప్పుడు కూతురి షాపులో జిరాక్సు మిషను దగ్గర కూర్చుంటాడు. ఎవరు ఏ కాగితం తెచ్చినా ముందు దాని మీది అక్షరాలకు వంక పెట్టి, ఆ తర్వాతే కాపీ తీసిస్తాడు.

పాత కంప్యూటర్లను బతికించడం సైమాకు బాగా తెలిసిన పని. కొత్త సాఫ్ట్‌వేర్ బరువు మోయలేక కూలబడిన మిషన్లలో ఆమె విండోస్ బదులు లినక్స్ ఎక్కించి, తక్కువ మెమరీతో నడిచే ఒక తేలికపాటి డెస్క్‌టాప్ పెడుతుంది. అందులో ఆమెకు నచ్చింది వేగం ఒక్కటే కాదు. తెర మీద కనిపించే ప్రతి వస్తువునూ మార్చుకోవచ్చు. పట్టీని పైన పెట్టుకోవచ్చు, పక్కన పెట్టుకోవచ్చు. ప్రోగ్రాము తెరుచుకునే కిటికీ అంచు రంగు, దాని మూల గుండ్రంగా ఉండాలా పలకగా ఉండాలా, మౌస్ బాణం ఆకారం, అక్షరాల లావు, ఫోల్డరు బొమ్మ, అంతా మన ఇష్టమే. మన ఇష్టం అన్నాక ఆ పనికి అంతెక్కడ? ఒకసారి ఆమె కిటికీ అంచుకు బూడిద రంగు వేసింది. బాగా లేదని తడిబూడిద రంగు వేసింది. అదీ నచ్చక ఇంకో నాలుగు బూడిదలు మార్చి, చివరికి మొదటి బూడిదకే వచ్చింది. దానికి పదకొండు రోజులు పట్టింది.

"ఇంటికి సున్నమెయ్యమంటే మూడేండ్ల సంది తీరిక లేదు," అంటుంది వాళ్లమ్మ లతీఫా. "ఆ డబ్బకు మాత్రం దినాం రంగులే."

మార్చి మొదట్లో ఒకరోజు కళ్యాణి షాపుకు వచ్చింది. ఆమె దగ్గరలోని తండా మనిషి. మండలంలోని మహిళా సంఘాలన్నిటికీ కలిపి నడిచే శిక్షణ కేంద్రంలో ఉద్యోగం. ఖమ్మంలో ఏదో ఆఫీసువాళ్లు తీసేసిన ఎనిమిది కంప్యూటర్లు ఆ కేంద్రానికి వచ్చాయి. ఒక్కోటి ఆన్ కావడానికి చాయ్ తాగి వచ్చేంత టైము తీసుకుంటోంది.

"మిరప ఏరుడు అయిపోయింది. తునికాకు తెంపుడు మొదలైతే ఎవ్వలూ రారు," అంది కళ్యాణి. "ఈ నడుమల్నే ఆడోళ్లకు క్లాసులు పెట్టాలె. సంఘం తీర్మానాలు, దరఖాస్తులు వాళ్లే టైపు చేసుకోవాలె. పది దినాలల్ల అయితదా సైమా?"

"మూడు దినాలల్ల అయితది అక్కా."

నిజంగానే మూడు రోజుల్లో అయిపోయింది. మిగిలిన ఏడు రోజులూ సైమా వాటి అందం చూసింది. ఎనిమిదింటికీ తన లాప్‌టాప్ వేషమే వేసింది. నల్లటి తెర, సన్నటి తెల్లక్షరాలు. పట్టీ పెట్టింది గానీ, అది అంచు కింద దాక్కునేలా చేసింది. మౌస్ బాణాన్ని అడుగుదాకా తీసుకుపోతేనే మెల్లగా పైకి వస్తుంది. ఎనిమిదీ వరసగా వెలిగించి, తలుపు దగ్గర నిలబడి చూసుకుని, ఫొటో కూడా తీసుకుంది.

సోమవారం పన్నెండు మంది ఆడవాళ్లు వచ్చారు. వాళ్లలో పెద్దది కళ్యాణి తల్లి బాలి. సంఘం మొదలైనప్పటి నుంచీ అందులో ఉన్న మనిషి. పెద్దయ్యాక చదువు నేర్చుకుంది కాబట్టి తెలుగు కూడబలుక్కుని చదువుతుంది. ఆమె ముందువరసలో కూర్చుని, చేతులు ఒడిలో పెట్టుకుని, ఎదురుచూసింది. కాసేపటికి సైమా వైపు తిరిగింది.

"బిడ్డా, ఇంకా చాలూ చెయ్యలేదా?"

"చాలూ చేసిన యాడీ. గదే." తండాలో అమ్మను పిలిచినట్టే సైమా ఆమెను యాడీ అంటుంది.

"గదేనా!" బాలి ముందుకు వంగి తెరలోకి చూసింది. నల్లటి అద్దంలో ఆమె ముఖమే కనిపించింది. "మంచిగున్నది. బొట్టు సరిజేసుకోవచ్చు."

వెనకవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. ఇంతలో ఎవరి చెయ్యో తగిలి మౌస్ కిందికి జారింది. పట్టీ లేచింది.

"లేచింది, లేచింది!" అని పుష్ప అనే ఆమె కేక పెట్టింది. ఉలిక్కిపడి మౌస్‌ను పైకి తోసింది. పట్టీ మళ్లీ దిగిపోయింది.

"బొరియలకు పోయింది," అంది బాలి. "ఎలుక లెక్క ఉన్నది. ఆగుండ్రి, సప్పుడు చెయ్యకుంటే మళ్ల వస్తది."

సాయంత్రం నాలుగయ్యేసరికి ఒక్కరు కూడా ఒక్క ఫైలు తెరవలేదు. అందరూ వెళ్లిపోయాక కళ్యాణి వరండాలో సైమా పక్కన కూర్చుంది. కోప్పడలేదు.

"మంచిగనే చేసినవ్ సైమా. కానీ నీకోసం చేసినవ్. నీకు పేరు పేరున తెలుసు ఏది ఎక్కడున్నదో. వాళ్లకు ఏమెర్క?"

సైమా ఫోను బయటికి తీసింది. తీసుకున్న ఫొటో ఫోనులోంచి చెరిపేసింది. ఒక కంప్యూటర్‌ను విప్పి, ఆటోలో పెట్టుకుని షాపుకు తీసుకుపోయింది.

మర్నాడు పొద్దున ఆమె నలుపు తీసేసి లేత రంగు పెట్టింది. పట్టీని అడుగున కదలకుండా కూర్చోబెట్టింది. మెనూలన్నీ తెలుగులోకి మార్చింది. జానీ మియా జిరాక్సు మిషను దగ్గర నుంచి లేచివచ్చి, కళ్లజోడు ముక్కు మీదికి దించుకుని చూశాడు.

"వత్తులేవి?"

"ఏ వత్తులు?"

"దస్త్రాలు అని రాసినవ్. కింద త వత్తు సగమే ఉంది, ర వత్తు అసలే లేదు. కాళ్లు నరికిండ్రు."

సైమా చూసింది. నిజమే. ఇంగ్లిషు అక్షరాల కోసం కొలిచిన వరసలో తెలుగు పట్టలేదు. కింద వేలాడే వత్తులన్నీ కోసేసినట్టు తెగిపోయాయి. రెండేళ్లుగా ఈ డెస్క్‌టాప్‌తో కాపురం చేస్తున్నా ఆమె కంట పడలేదు. ఎందుకంటే ఆమెది ఇంగ్లిషు మెనూ.

"ఇప్పుడు జేస్త," అంటూ అక్షరాల సైజు పెంచింది.

"ఇంకొంచెం. వరసకు వరసకు నడుమ గాలి ఆడాలె."

ఇంకొంచెం పెంచింది. ఫాంటు మార్చింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. ఇంకోటి మార్చింది. అలా ఆరు ఫాంట్లు అయ్యాక ఏడోదానికి, "గిది మనిషి రాసినట్టుంది," అన్నాడు. జిరాక్సు కోసం వచ్చినతను ఆధార్ కార్డు పట్టుకుని అప్పటికి చాలాసేపటి నుంచీ నిలబడి ఉన్నాడు.

అతన్ని పంపేసి వచ్చి జానీ మియా మళ్లీ కూర్చున్నాడు. ఈసారి వేలు తెర మీద ఒక చిన్న బొమ్మ దగ్గర ఆగింది.

"గిదేంది?"

"సేవ్. రాసింది దాచిపెట్టుకోను."

"పని గాదు బేటీ, బొమ్మ ఏందంటున్న. కుట్టుమిషను డబ్బనా?"

"ఫ్లాపీ. వెనకట ఫైళ్లు దాంట్ల దాచుకునేటోళ్లట."

"నువ్వు చూసినవా ఎన్నడన్న?"

"చూడలే."

"నేను గూడ చూడలే. మరి బాలి అక్క చూసిందా? ఎవ్వలూ చూడని వస్తువు బోర్డు మీద రాస్తే ఆ దుకాణానికి ఎవలొస్తరు?"

సైమా మౌస్‌ను పక్కకు తోసింది. చిరాకేసింది. "అంత ఎర్కున్నోనివి నువ్వే గియ్యి," అంది.

అనేశాక ఆమెకే ఆశ్చర్యమేసింది. ఆయన బొమ్మ గీసి ఏళ్లయింది. పక్కింటి పిల్లల బడి చార్టు మీద పువ్వు గీయమన్నా చెయ్యి వణుకుతుందని తప్పించుకునేవాడు. ఆయన లేచి జిరాక్సు మిషను దగ్గరికి పోయి కూర్చున్నాడు. కానీ మర్నాడు సైమా కేంద్రానికి బయల్దేరుతుంటే ఇస్త్రీ చొక్కా వేసుకుని, జేబులో పెన్సిలు పెట్టుకుని స్కూటీ వెనక ఎక్కాడు.

"నువ్వెక్కడికి?"

"రాయించుకునే పార్టీని అడగకుండ బోర్డు ఎట్ల రాస్తరు?"

కేంద్రంలో ఆయన కంప్యూటర్ల వైపు చూడనే లేదు. ఆడవాళ్ల ముందు కుర్చీ వేసుకుని, నోటుపుస్తకం తెరిచాడు.

"అక్కా, మీ ఇంట్ల కాయితాలు దేంట్ల పెడ్తరు? పాస్‌బుక్కు, ఆధార్, అన్నీ."

"బియ్యం డబ్బల," అంది పుష్ప.

"నేను సంచిల పెడ్త," అంది బాలి. "మా అమ్మ కుట్టిన సంచి. అద్దాలుంటయి."

"మా ఇంట్ల గూడ ఉన్నది," అని నలుగురైదుగురు అన్నారు. జానీ మియా రాసుకున్నాడు. ఫోల్డరు సంచి అయింది.

"మరి పారేసే కాయితం?"

"పెంటకుప్ప."

"బుట్ట ఉంటది కదా యాడీ, చెత్తబుట్ట," అంది సైమా.

"మా ఇంట్ల బుట్టల కూరగాయలు పెడ్తం. చెత్త పెంట మీదికే." బాలి ఆగి అడిగింది. "మీ డబ్బల పారేసింది మళ్ల దొరుకుతదా?"

"దొరుకుతది. మొత్తం ఊడ్చెయ్యకముందు తీసుకోవచ్చు."

"ఇగ పెంటకుప్పనే. నా చెవి కమ్మ ఒకపారి గట్లనే దొరికింది."

సేవ్ దగ్గర మాత్రం చర్చ చాలాసేపు నడిచింది. తాళమని ఒకరన్నారు. తాళమేస్తే మళ్లీ తాళంచెవి కావాలని ఇంకొకరన్నారు. గూడు అన్నారు, అటక అన్నారు. అందరూ మాట్లాడుతుంటే పుష్ప మాత్రం ఆలోచిస్తూ కొంగు చివర వేళ్లతో తిప్పుతోంది. ఆ కొంగుకు ముడి ఉంది. ముడిలో బస్సు టికెట్టు, మందు బిళ్లల చీటీ.

జానీ మియా పెన్సిలు ఎత్తి ఆ ముడి వైపు చూపించాడు.

"గది దేనికి బిడ్డా?"

"పోకుండ," అంది పుష్ప. అందరూ తన కొంగు వైపే చూస్తుంటే సిగ్గుపడి దాన్ని వెనక్కి వేసుకుంది.

ఆ సాయంత్రం జానీ మియా బజారుకు పోయి, బడి పిల్లలు కొనుక్కునే రంగుల పెట్టె ఒకటి తెచ్చుకున్నాడు. పాత బ్రష్షులు ఒక్కటీ పనికి రాలేదు. మొదటి బొమ్మ నిండు చార్టు మీద వేశాడు. సంచి. దానికి ముప్పైరెండు అద్దాలు, అంచుకు గవ్వలు, చుట్టూ లతలు, రెండు మూలల్లో రెండు నెమళ్లు. రెండు రోజులు పట్టింది. చెయ్యి వణకలేదు. లతీఫా అన్నం తినమని మూడుసార్లు పిలిచి, నాలుగోసారి చూడ్డానికి వచ్చి అక్కడే కూర్చుండిపోయింది.

సైమా దాన్ని ఫొటో తీసి, కంప్యూటర్‌లో ఎక్కించి, ఫోల్డరు సైజుకు తగ్గించింది.

"ఏదీ?" అన్నాడు జానీ మియా.

"గదే."

"గది జామకాయ."

"సంచే అబ్బా. ఇది కందిగింజంత ఉంటది. ముప్పైరెండు అద్దాలు ఏడ కనవడ్తయి?"

"కందిగింజంతనా? లారీ వెనక తలుపంత ఉంటదనుకున్న."

"తెర పక్కనే కూసొని చూసినవ్ కదా!"

ఆయన అలిగాడు. ఒక పూట అలిగి, మధ్యాహ్నం తర్వాత భూతద్దం పట్టుకుని మళ్లీ కూర్చున్నాడు. ఏది తీసేస్తే సంచి సంచిగానే ఉంటుందో వెతకడం మొదలుపెట్టాడు. నెమళ్లు పోయాయి. లతలు పోయాయి. గవ్వలు పోయేటప్పుడు మాత్రం సైమాను చాలాసేపు బతిమాలాడు. ముప్పైరెండు అద్దాలు పన్నెండయ్యాయి, పన్నెండు ఐదయ్యాయి. చివరికి మూడు తెల్లచుక్కలు మిగిలాయి. కందిగింజ సైజులోనూ అవి తళుక్కుమన్నాయి. జీవితమంతా దూరం నుంచి కనిపించేలా పెద్దగా రాసినవాడికి, దగ్గరగా కూర్చుని చిన్నగా చూసేవాళ్ల కోసం గీయడం కొత్త విద్య. ఆ సంగతి ఆయన ఒప్పుకోలేదు గానీ, ఫోను చేసిన ప్రతివాడికీ చెప్పాడు.

తండ్రీకూతుళ్ల అసలు గొడవ వాల్‌పేపరు దగ్గర వచ్చింది. ఆయనకు నెమలి కావాలి. ఆమెకు ఖాళీ కావాలి.

"ఒక్క నెమలి."

"లే. బొమ్మల మీద బొమ్మ పడ్తది. కండ్లు తిరుగుతయి."

"చిన్న నెమలి."

"లే అబ్బా."

"ఈక?"

సైమా ఆలోచించింది. "ఈక సరే. మూలకు. పల్చగ."

తొమ్మిది బొమ్మలు తయారయ్యాక ఇద్దరూ కేంద్రానికి పట్టుకుపోయారు. ఆడవాళ్లు తెర చుట్టూ మూగారు. బాలి తీరిగ్గా చూసింది.

"మియా, గీ గోంగూర కట్ట ఎందుకు?"

"గోంగూర కాదక్కా. మీ సంచి."

"మా సంచి పచ్చగుంటదని ఎవలు చెప్పిండ్రు? ఎర్రగుంటది."

"పచ్చ మంచిగ లేచి కనవడ్తది, లేత రంగు మీద."

"లేస్తది. కానీ నా సంచి కాదు. కూరగాయలమ్మే మనిషిది."

జానీ మియా ఇరవై ఎనిమిదేళ్లలో ఎన్ని దుకాణాలవాళ్లతో రంగుల మీద గొడవపడ్డాడో లెక్కలేదు. ఈసారి నోరు మూసుకుని రంగుల పెట్టె తీశాడు. బాలి మర్నాడు తన సంచి తెచ్చి టేబుల్ మీద పెట్టి, కుర్చీలో కూర్చుని, ఆయన ఎరుపు కలుపుతుంటే పక్కనుంచి చూసింది. "ఇంకొంచెం ముదురు. ఇంకొంచెం. చాలు, నల్లబడ్తది," అంటూ. తన అబ్బా అలా ఒకరి మాట వినడం సైమా మొదటిసారి చూసింది. వీడియో తీద్దామనుకుంది గానీ, ఆయన చూస్తే లేచి వెళ్లిపోతాడని మానుకుంది.

అన్నీ కుదిరాయనుకున్న రోజు జానీ మియా ఒక ఘనకార్యం చేశాడు. సైమా వైర్లు సరిచేస్తుంటే, తన బొమ్మలను ఇంకాస్త దగ్గరగా చూద్దామని మౌస్ పట్టుకుని, పట్టీ మీద కుడి బటన్ నొక్కాడు. అక్కడ ఏదో జాబితా వచ్చింది. వత్తులు చక్కగా కనిపిస్తున్నాయి కదా అని చదువుకుంటూ పోయి 'తొలగించు' అన్నదాని మీద నొక్కాడు. నిజంగానా అని తెర అడిగింది. అడిగితే అవునన్నాడు. పట్టీ మొత్తం మాయమైంది.

ఆయన లేచి, ఏమీ ఎరగనట్టు కిటికీ దగ్గరికి పోయి రోడ్డు మీద ఆటోలు చూస్తూ నిలబడ్డాడు.

"సైమా బిడ్డా," అని బాలి పిలిచింది. "మియా పట్టీ మింగిండు."

"నేనా? నేనేం జేసిన?"

"చాయ్ తాపుండ్రి. బయటికొస్తదేమో."

సైమా ఐదు నిమిషాల్లో దాన్ని తిరిగి తెచ్చింది. కంప్యూటర్ వేషమంతా ఒక ఫోల్డరులో దాచి ఉంటుందని, దాని కాపీ ఉంటే ఎన్నిసార్లు చెడిపోయినా మళ్లీ పెట్టుకోవచ్చని ఆడవాళ్లకు చూపించింది. ఆ రోజు పాఠం అదే అయింది. అదే కాపీని మిగతా ఏడు కంప్యూటర్లలోనూ పెట్టింది. ఎనిమిది తెరల మీద ఎర్ర సంచులు, మూలన పల్చటి ఈక. ఒక్క పెద్ద టైపింగ్ ప్రోగ్రాములో మాత్రం ఆ ఫ్లాపీ అలాగే మిగిలింది. అది తన బొమ్మలు తానే తెచ్చుకునే రకమని, దాన్ని మార్చడం ఇంకా తనకు చేతకాలేదని సైమా ఒప్పుకుంది.

"ఉండనీ," అన్నాడు జానీ మియా పెద్దమనసుతో. "పాతకాలం వస్తువు ఒకటుండాలె ఇంట్ల."

పదిహేను రోజుల్లో పుష్ప సంఘం తీర్మానం ఒకటి తప్పుల్లేకుండా టైపు చేసింది. బాలి రెండు వేళ్లతో, ఒక్కో అక్షరాన్నీ పేరు పెట్టి పిలుస్తూ, బోరింగు బాగు చేయించమని దరఖాస్తు రాసింది. రాసిన ప్రతి వాక్యానికీ ఒకసారి సేవ్ చేసే కొంగుముడి బొమ్మ నొక్కింది. ఒక్కసారి చాలని చెప్పినా వినలేదు.

ఏప్రిల్ రెండో వారంలో జిల్లా నుంచి వనజ మేడమ్ వచ్చింది. కళ్యాణి పని చేసే కేంద్రం లాంటివి జిల్లాలో ఎన్ని ఉంటే అన్నిటికీ ఆమే పైఅధికారి. కుర్చీలో కూర్చుంది, ఒక తెర వైపు చూసింది, కళ్యాణి వైపు చూసింది.

"ఇదేం కంప్యూటరండీ? ఇదేంటి, పేడకుప్పా?"

"పెంటకుప్ప మేడమ్," అంది కళ్యాణి. "చెత్తబుట్ట బదులు."

వనజ నవ్వు ఆపుకుంది గానీ, మాట మాత్రం గట్టిగానే అంది. "చూడ్డానికి బాగుంది. కాదనను. కానీ రేపు వీళ్లు బ్యాంకుకు పోతారు, ఇంకో ఆఫీసులో పనికి కుదురుతారు. అక్కడ ఎర్ర సంచులుండవు కదా. మనం వీళ్లకు నేర్పేది ఇక్కడే పనికొచ్చే చదువైతే ఎలా?"

ఆ మాట సైమాకు సూటిగా తగిలింది. ఎందుకంటే అందులో తప్పులేదు. జానీ మియా ఏదో అనబోతే ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది. బాలి ముందున్న కంప్యూటర్ దగ్గరికి పోయి, సెట్టింగుల్లో మామూలు బొమ్మల థీమ్ పెట్టింది. సంచులు పోయి పసుపు ఫోల్డర్లు వచ్చాయి. పెంటకుప్ప చెత్తబుట్ట అయింది. ఈక కూడా తీసేసింది.

"యాడీ, మీ బోరింగు దరఖాస్తు తెరువుండ్రి. దాంట్ల ఇయ్యాల్టి తారీఖు ఎయ్యుండ్రి."

బాలి తెర వైపు చూసింది. బాణాన్ని మెల్లగా ఒక పసుపు బొమ్మ మీదికి తెచ్చింది, ఆగింది, నొక్కింది. అది వేరేది. ఖాళీ.

"ఇది కాదు," అంది బాలి తనలో తాను. "నాది పైకెల్లి రెండోది." మూసేసి, పైనుంచి లెక్కపెట్టి రెండోది తెరిచింది. దరఖాస్తు దొరికింది. కానీ తెరవబోయి, చెయ్యి జారి దాన్ని ఈడ్చుకుపోయి చెత్తబుట్టలో పడేసింది.

"అయ్యో," అంది పుష్ప.

"ఏం అయ్యో? పెంటల పడ్డది పోదు." బాలి చెత్తబుట్ట తెరిచింది. పేరు కూడబలుక్కుని చదివి, పట్టుకుని, తిరిగి దాని చోట పెట్టింది. తెరిచింది. తారీఖు వేసింది. తర్వాత చాలాసేపు పైవరసలో వెతికింది. కొంగుముడి లేదు. ఫ్లాపీ ఉంది. దాని మీద బాణం పెట్టగానే 'భద్రపరచు' అని చిన్న పలక వచ్చింది. ఒక్కో అక్షరం చదివి, నొక్కింది. అలవాటు కొద్దీ ఇంకోసారి నొక్కింది.

"మేడమ్," అంది వనజ వైపు తిరిగి, "సంచి ఉంటే జల్దీ అయితది. లేకుంటే జర ఆలిశం. అంతే."

వనజ కుర్చీ ముందుకు జరుపుకుంది. తర్వాత తన ముందున్న కంప్యూటర్‌లో ఎర్ర సంచి మీద రెండుసార్లు నొక్కింది. తెరుచుకున్నది చూసి, మూసి, మళ్లీ నొక్కింది.

"ఎవరు వేశారివి?"

జానీ మియా చొక్కా కాలరు సరిచేసుకున్నాడు. "నేనే మేడమ్. ఇంక మంచిగ వచ్చేటియి. నెమలి తీసేసిండ్రు."

వెళ్లేముందు వనజ రెండు మాటలు చెప్పింది. వారంలో ఒకరోజు మామూలు బొమ్మలతో కూడా నేర్పమంది. బూర్గంపాడు కేంద్రంలో ఆరు పాత కంప్యూటర్లు మూలన పడి ఉన్నాయని, వాటికీ ఇదే పెట్టిరమ్మని చెప్పింది.

"అయిపోయింది పని," అంది సైమా, మేడమ్ జీపు కదిలాక. "ఫోల్డరు కాపీ పెన్‌డ్రైవ్‌ల ఏసుకపోత. అరగంటల అయితది."

"కాపీ ఎట్ల ఏస్తవు?" అన్నాడు జానీ మియా.

"గిట్లనే. ఇక్కడియి తీసి అక్కడ పెడ్త."

"ఇల్లందు దుకాణం బోర్డు తెచ్చి భద్రాచలంల ఎన్నడన్న కట్టిన్నా? అక్కడోళ్లకు అద్దాల సంచి ఉంటదో ఉండదో. గోదారి పక్కకు ఉంటరు, కాయితాలు దేంట్ల పెడ్తరో ఎవలకెర్క? నీళ్లొస్తే జల్దీ పట్టుకొని ఉరకాలె కదా. అడగాలె."

"అయితే అరగంట పని కాదు ఇగ."

"కాదు."

వారం తర్వాత ఇద్దరూ పొద్దున్నే బస్సెక్కారు. సైమా ఒళ్లో లాప్‌టాపు, జానీ మియా ఒళ్లో రంగుల పెట్టె. ఆయన పక్కసీట్లో గుమ్మడికాయ పెట్టుకుని కూర్చున్న ఒకామెది బూర్గంపాడే అని టికెట్టు తీసుకునేటప్పుడు తెలిసింది. బస్సు ఇంకా ఊరు దాటలేదు. ఆయన అప్పటికే జేబులోంచి పెన్సిలు తీశాడు.

"అమ్మా, ఒక మాట అడుగుత, తప్పనుకోకు. వాన పడ్డప్పుడు మీ ఇంట్ల ఆధార్ కార్డులు దేంట్ల పెడ్తరు?"

ఆమె గుమ్మడికాయను ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. ఆయన వైపు అనుమానంగా చూసింది. తర్వాత సైమా వైపు చూసింది.

"మా అబ్బా పెయింటర్ అమ్మా," అంది సైమా. "చెప్పుండ్రి, ఏం గాదు."